పొడుగుసీసా గది

వడపోతమ్మ అత్తవారింట మగవాళ్ళకి ముక్కు ఉన్నది కళ్ళజోడు ఆనడానికే. అన్నదమ్ములిద్దరికీ పుట్టుదిబ్బడ. పొయ్యి మీద పాలు మాడి గిన్నె బొగ్గయినా, పక్కనే కూర్చుని పేపరు తిరగేస్తుండేవాళ్ళు. అలాంటి ఇంటికి వచ్చిన కోడళ్ళిద్దరూ వాసనలు చేసే కంపెనీలో పనికి కుదరడం చూసి వీధిలో వాళ్ళు నవ్వుకునేవారు.

"కట్టుకున్నవాళ్ళకి తెలియని విద్య మీకెందుకే?" అని ఎదురింటి కుట్టుమిషను ఆవిడ అడిగితే పెద్దకోడలు తడుముకోకుండా చెప్పేది. "తెలియకపోవడమే నయం పిన్నీ. తెలిస్తే ఇంట్లో కూడా డ్యూటీయే."

కంపెనీలో ముఖానికి రాసుకునేవన్నీ తయారయ్యేవి. స్నో, పౌడరు, లిప్‌స్టిక్కు, గోళ్ళరంగు, వాటితోపాటు ఒకే ఒక సెంటు. నిలువుటద్దం ఉన్న ఇల్లంటూ ఉంటే ఆ అద్దం ముందు ఆ కంపెనీ డబ్బా ఒకటైనా ఉండే రోజులవి. పెద్దకోడలు అప్పటికే పౌడరు సెక్షనులో పాతుకుపోయింది. అందరూ ఆమెను పౌడరక్క అనేవారు. చిన్నకోడలు కాపురానికి వచ్చిన ఏడాదే, "ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే, చివరికి గోడలకే నీ మొహం మొత్తుతుంది, పద" అని పౌడరక్కే ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పౌడరులో ఖాళీ లేదు. నడవాకి అవతలి పక్క సెంటుగదిలో వడపోతకి మనిషి కావాలన్నారు. అలా చిన్నకోడలు వడపోతమ్మ అయింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు పుట్టింట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

సెంటుకి కూడా అసలు పేరొకటి ఉంది. సీసా మీద బంగారు అక్షరాలతో మెరుస్తూ ఉండేది. పనివాళ్ళెవరూ దాన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కాస్త వంగి, ఎవరో పిలిస్తే వినడానికి తల వాల్చినట్టుండేది ఆ సీసా. అందుకే పొడుగుసీసా అన్నారు.

ఆ గదికి ఒక నియమం ఉంది. లోపలికి వచ్చే మనిషి ఏ వాసనా మోసుకురాకూడదు. తలకి నూనె రాస్తే వాసన లేని నూనె రాయాలి. సబ్బు కూడా అంతే. మధ్యాహ్నం ఉల్లిపాయ తిన్నవాళ్ళు వరండాలో కూర్చుని గాలి తగిలించుకుని రావాలి. ఇక సెంటు చేసేవాళ్ళు సెంటు రాసుకోవడమన్నది ఊహకే అందని మాట. వడపోతమ్మ జీవితమంతా ఆ సెంటు మధ్య నిలబడింది కానీ ఒక్క చుక్క మెడకి రాసుకుని ఎరగదు.

పౌడరువాళ్ళ తీరు వేరు. సాయంత్రానికి కనుబొమలతో సహా నెరిసిపోయి, ఘుమఘుమలాడుతూ, నవ్వుకుంటూ బయటికి వచ్చేవారు. సెంటుగది వాళ్ళని వాళ్ళు 'నీళ్ళవాళ్ళు' అనేవారు. వీళ్ళు వాళ్ళని 'పిండివాళ్ళు' అనేవారు. తిరుగు బస్సులో తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుంటే వెనక సీట్లవాళ్ళు చెవులు ఇటు పడేసేవాళ్ళు.

"పిండిమర నుంచేనా రాక, అక్కా?"

"నువ్వెలాగూ నీళ్ళ దగ్గర్నుంచే వస్తున్నావుగా. కాసిని పొయ్యవే, ముద్ద చేస్తాను."

సెంటు కలిపేది సెంటు మాస్టారు. ఆయన ముక్కు పొడుగూ కాదు, పెద్దదీ కాదు. వీధిలో చూస్తే ఈ ముక్కేనా ఇంత పని చేసేదని ఎవరూ అనుకోరు. స్పిరిట్టులో తైలాలు కలిపి, పెద్ద పెద్ద గాజు జాడీల్లో పోసి, జాడీలకి నల్లగుడ్డ చుట్టి, చీకటి కొట్లో ఒక ఋతువంతా కదపకుండా ఉంచేవాడు. దాన్ని 'పడుకోబెట్టడం' అనేవారు. తర్వాత జాడీని ఐసు తొట్టిలో దించితే, కరగకుండా మిగిలిన మైనం లాంటి పదార్థం మబ్బులా విచ్చుకునేది. ఆ మబ్బుని ఆపడమే వడపోతమ్మ పని. గాజు గరాటులో కాగితం, దాని మీద నాలుగు మడతల గుడ్డ. తొందరపడితే కాగితం చిరుగుతుంది. ఆలస్యం చేస్తే స్పిరిట్టు ఎగిరిపోతుంది. నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ తీసినంత మెల్లగా పొయ్యాలి.

ఆ గుడ్డలు పౌడరు సెక్షను నుంచి వచ్చేవి. అక్కడ పౌడరు జల్లించేది సన్నటి పట్టుగుడ్డ బిగించిన జల్లెడతో. వాడగా వాడగా పోగులు సడలితే ఆ గుడ్డ పౌడరుకి పనికిరాదు. పారేస్తే కంపెనీలో అదొక నేరం. సబ్బు తగలనివ్వకుండా చన్నీళ్ళలో ఝాడించి, నీడన ఆరేసి, సెంటుగదికి పంపేవారు. ఇది ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. మొదటి యజమాని భార్య పిసినారితనమని ఒక మాట ఉండేది. ఎవరూ దాన్నొక పద్ధతిగా అనుకోలేదు. చీపురు తలుపు వెనక పెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

చేరిన కొత్తలో ఒకరోజు మాస్టారు సన్నటి కాగితపు పట్టీని సెంటులో ముంచి ఆమె చేతికిచ్చాడు. పూలు, పచ్చి ఆకులు, తొక్క తీసిన పండు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

"బాగుంది మాస్టారూ."

"ఇది వాసన కాదమ్మా, పలకరింపు. దాన్ని ఆ తీగకి తగిలించి వెళ్ళు. రేపు పొద్దున చూడు."

మర్నాడు పొద్దున పట్టీ దగ్గరికి ముఖం తీసుకెళ్ళిన మనిషి అలాగే నిలబడిపోయింది. పూలు లేవు, పండు లేదు. అవన్నీ వెళ్ళిపోయాక ఇంకేదో ఉంది. చాలా దగ్గరవాళ్ళెవరో ఇప్పుడే లేచి గదిలోంచి వెళ్ళినట్టు, వాళ్ళు కూర్చున్న కుర్చీ ఇంకా వెచ్చగా ఉన్నట్టు. మెత్తగా, పొడిగా, చెయ్యి చాస్తే తగిలేటట్టు. ఆమెకు తల్లి గుర్తొచ్చింది. తల్లి ఏనాడూ సెంటు రాసుకోలేదు. అయినా గుర్తొచ్చింది.

"ఇది ఎక్కడ్నుంచి వచ్చింది మాస్టారూ? నిన్న లేదు కదా."

ఆయన పట్టీ అందుకుని తనూ వాసన చూశాడు. "నాకూ తెలీదమ్మా. నేను వేసేవాటిలో విడిగా చూస్తే ఏదీ ఇలా ఉండదు. పడుకోబెడితే వస్తుంది అనేవాడు మా గురువు. నేనూ అదే అంటున్నాను."

ఆ పొద్దుటి నుంచి ఆమె ఆ గదిలో అడుగు వేసే తీరు మారింది. పాలుతాగే పిల్ల పడుకున్న ఇంట్లో నడిచినట్టు నడిచేది.

కంపెనీ ఒక్కసారిగా కూలలేదు. పళ్ళూడినట్టు ఊడింది. ముందు గోళ్ళరంగు పోయింది. తర్వాత లిప్‌స్టిక్కు. స్నో కొన్నాళ్ళు కదిలీ కదలకుండా ఉండి అదీ పోయింది. కొత్త కొత్త పేర్లు, మెరిసే డబ్బాలు దుకాణాల్లోకి వచ్చి కూర్చున్నాయి. చివరికి పౌడరు సెక్షను కూడా మూసేస్తున్నామన్నారు. పొడుగుసీసా ఒక్కటే నిలబడింది. దాన్ని రాసుకునేవాళ్ళు ఇంకోటి ముట్టేవాళ్ళు కాదు, తల్లి రాసుకుంటే కూతురు అడిగేది. అందుకని వేరే ఎవరో ఆ ఒక్క సెంటుని, అది తయారయ్యే ఒక్క గదిని కొనుక్కున్నారు. మిగతా భవనం ఫర్నిచరు గోడౌనుకి పోయింది. గేటు మీద బోర్డు దించేశారు. సీసా మీద సెంటు పేరు ఉంది కానీ, దాని కింద చిన్నక్షరాల్లో ఉండే కంపెనీ పేరు లేదు. ఇంటిపేరు పోయిన పిల్లలా ఉందనుకుంది వడపోతమ్మ.

పౌడరు మూసిన రోజు ఎవరికి చేతికందింది వాళ్ళు పట్టుకెళ్ళారు. ఒకరు స్టూలు, ఒకరు అద్దం, ఒకరు తక్కెడ పళ్ళెం. పౌడరక్క ఒక జల్లెడా, బీరువాలో ఉన్న జల్లెడ గుడ్డలన్నీ మూటగట్టి చంకన పెట్టుకుంది.

"అందరూ కుర్చీలు మోసుకుపోతుంటే నీకు మసిగుడ్డలు కావాల్సొచ్చాయా?" అని ఎవరో నవ్వారు.

వడపోతమ్మ నడవాలో ఎదురొచ్చింది. "అక్కా, అవి మా గదికి రావాల్సినవి కదా."

పౌడరక్క ఆగింది. ఆమె మొహం ఆ రోజు పౌడరు లేకుండానే తెల్లగా ఉంది. "మీ గది బతికే ఉందిగా. బతికున్నవాళ్ళు కొత్తవి కొనుక్కోండి. ఇవి పోయినదాని మీద కప్పిన గుడ్డలు. వీటిని కూడా అడక్కు."

ఆ తర్వాత ఎవరి కాపురం వాళ్ళదైనా మాటలు ఆగిపోలేదు. పెళ్ళిళ్ళకి కలిశారు, ఆస్పత్రుల దగ్గర కలిశారు, ఒకరికి జ్వరం వస్తే ఒకరు వండిపెట్టారు. కానీ సెంటు అన్న మాట ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. పొడుగుసీసా పేరు ఎవరైనా ఎత్తితే పౌడరక్క లేచి కిటికీ వెయ్యడానికి వెళ్ళేది.

సెంటుగది అల్మారాలో పాతగుడ్డలు ఇంకా చాలానే మిగిలి ఉన్నాయి. వడపోతమ్మ వాటితోనే ఏళ్ళు నెట్టుకొచ్చింది. అవి చిరుగుపట్టి, చివరికి వేలు పెడితే అవతలికి వచ్చే స్థితికి చేరాయి. కొత్త యజమానుల తరఫున వచ్చిన మేనేజరమ్మ నెమ్మదస్తురాలు. ఆవిడ కనిపించినప్పుడల్లా వడపోతమ్మ ఆ గుడ్డ ఎత్తి చూపించి, "వీటికన్నా దోమతెర నయం మేనేజరమ్మా" అనేది. అడగ్గా అడగ్గా కొత్తగుడ్డలు వచ్చాయి. పాలమీగడలా తెల్లగా, ముడత లేకుండా. వడపోతమ్మ వాటిని ఇంటికి తీసుకెళ్ళి వేణ్ణీళ్ళలో ఉడికించి, ఇస్త్రీ చేసి, కొత్త కోడలు చీరలు సర్దుకున్నట్టు అల్మారాలో సర్దింది. వాటితో వడకట్టిన మొదటి జాడీ అంత తేటగా ఎప్పుడూ దిగలేదు. మాస్టారు సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "ఏమ్మా, కన్నీరులా ఉంది" అన్నాడు.

కొన్నాళ్ళకి వీధి చివర దుకాణం ఆవిడ ఒక అట్టపెట్టె మోసుకుంటూ తనే వచ్చింది. పెట్టె నిండా తిరిగొచ్చిన పొడుగుసీసాలు.

"మీరేం మార్చారో చెప్పండి" అంది.

"ఏమీ మార్చలేదమ్మా" అన్నాడు మాస్టారు.

"ముందు వాసన అదే. నేనూ చూశాను. పొద్దుటికి మాత్రం ఏమీ ఉండట్లేదంటున్నారు. ఒకాయన ఉన్నాడు, భార్య పోయింది. ఆవిడ కోటు అల్మారాలో ఉంచుకుని, దాని మీద చల్లడానికి ఏటా ఒక సీసా కొంటాడు. మొన్న వచ్చి సీసా కౌంటరు మీద పెట్టి, 'ఈసారి ఆవిడ రాలేదమ్మా' అన్నాడు. నేనేం చెప్పను?"

ఆవిడ పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళింది. తర్వాత ఇలాంటి పెట్టెలు ఇంకా వచ్చాయి.

మేనేజరమ్మ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. చెప్పడానికి ఆమెకీ ఇష్టం లేదు. "పైవాళ్ళు ఇంకొక్క తయారీ చూస్తామన్నారు. ఇప్పుడు పడుకుని ఉన్న జాడీలు. అవి కూడా తిరిగొస్తే గది ఖాళీ చెయ్యమంటున్నారు. ఈ గది కూడా మాకే ఇవ్వమని ఫర్నిచరు వాళ్ళు అడుగుతున్నారట."

పని పోతుందన్న దిగులు వడపోతమ్మకి లేకపోలేదు. కానీ దానికన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. ఆ పొద్దుటి వాసన లోకంలోంచే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయింది ఏమిటో కూడా ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోతుంది. దానికి పేరు లేదు, కలిపిన మనిషికే దాని పుట్టుక తెలియదు. దేన్ని వెతకాలో తెలిస్తే కదా వెతికేది.

అయినా వెతికారు. మాస్టారు స్పిరిట్టు మార్చి చూశాడు. తైలాలన్నీ విడివిడిగా మూతలు తీసి చూశాడు. జాడీలు కడిగే నీళ్ళ కుళాయి దగ్గర ముక్కు పెట్టాడు. ప్రతి సాయంత్రం తీగకి ఉతికిన బట్టల్లా పట్టీలు వేలాడదీసేవాడు. ప్రతి ఉదయం అవి ఉత్త కాగితాలై ఉండేవి.

"నా ముక్కే చచ్చిందేమోనమ్మా" అన్నాడొకరోజు, కళ్ళు ఎత్తకుండా.

"అలాగైతే దుకాణం ఆవిడ ముక్కు కూడా చచ్చిందా మాస్టారూ? మా ఇంట్లో మగాళ్ళ ముక్కు అందరికీ అంటుకుందా ఏమిటి?"

ఆయన నవ్వాడు కానీ ఆ నవ్వు పెదవులు దాటలేదు.

ఇంతలో పౌడరక్క మెట్టు తప్పి కాలు విరగ్గొట్టుకుంది. సెలవురోజు వడపోతమ్మ వండిపెట్టడానికి వెళ్ళింది. పౌడరక్క వాలుకుర్చీలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, కదలకుండానే ఇల్లంతా నడిపిస్తోంది. భోజనాలయ్యాయి. బావగారు పక్కగదిలో పేపరు ముఖాన కప్పుకుని గురక పెడుతున్నాడు.

"ఆ మంచం మీద కాసేపు నడుం వాల్చవే. నీ మొహం గరాటులోంచి జారినట్టుంది. ఏమైంది?"

"ఏం లేదక్కా."

"ఏం లేని మొహం నాకు తెలుసులే. పడుకో."

వడపోతమ్మ పడుకుంది. కిటికీలోంచి ఎండ కళ్ళలో పడుతుంటే గోడవైపు తిరిగి, దిండులో ముఖం దాచుకుంది.

ఊపిరి లోపలికి వెళ్ళింది. బయటికి రావడానికి జంకింది.

అక్కడ ఉంది. పూలు లేవు, ఆకులు లేవు, పలకరింపు లేదు. మెత్తగా, పొడిగా, వెచ్చగా, ఇప్పుడే లేచి వెళ్ళిన మనిషిలా. ఋతువంతా చీకటికొట్లో పడుకోబెడితే గానీ రానిదని గురువులు చెప్పిన వాసన, తోడికోడలి ఇంటి మూల మంచం మీద, మిట్టమధ్యాహ్నం, దిండులో ఉంది. కదిలితే పోతుందేమోనని ఆమె కదల్లేదు. పక్కింట్లో ఎవరో బకెట్టు దించిన చప్పుడైంది. ఎక్కడో బస్సు హారను మోగింది. లోకం ఎప్పటిలాగే నడుస్తున్నందుకు ఆమెకు ఆశ్చర్యమేసింది.

"అక్కా" అంది, గోడవైపు ముఖంతోనే. "ఈ దిండుకి ఏం రాశావు?"

"దిండుకి ఏం రాస్తారే? ఉతికిన దిండే."

"గలీబు ఏ గుడ్డతో కుట్టావు?"

పౌడరక్క కుర్చీ కిర్రుమంది. "నీకు తెలుసుగా. ఆ రోజు నువ్వడిగావు, నేనివ్వలేదు. మెత్తటి గుడ్డ, పెట్టెలో మగ్గిపోవడం ఎందుకని ఒకటి రెండు దిండ్లకి వేశాను. మిగతావి అలాగే ఉన్నాయి. ఇప్పుడు దెబ్బలాడతావా?"

"సబ్బుతో ఉతికావా?"

"జల్లెడగుడ్డని సబ్బుతో ఉతుకుతారా? చన్నీళ్ళే. ఇన్నాళ్ళయినా చెయ్యి సబ్బు మీదికి పోదు."

వడపోతమ్మ లేచి కూర్చుంది. దిండు ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటిగా అంతా చెప్పింది. తిరిగొచ్చిన సీసాలు, కోటు పెట్టుకున్న పెద్దాయన, తీగ మీద ఉత్త కాగితాలు, ఇంకొక్క తయారీ, తను వెంటపడి తెప్పించుకున్న తెల్లటి కొత్తగుడ్డలు. "నేనే అడిగానక్కా. నేనే ఉడికించి ఇస్త్రీ చేశాను. ఎంత మురిసిపోయానో."

పౌడరక్క విని విని, కట్టుకాలు వంక చూస్తూ, "అయితే చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారన్నమాట, మీ నీళ్ళవాళ్ళు" అంది.

అని, తను అన్న మాట తనకే అప్పుడు వినిపించినట్టు ఆగిపోయింది. ఆమె చూపు దిండు మీదికి వెళ్ళింది.

"అంటే" అంది. "ఆ సెంటు అంతా... అన్నేళ్ళూ... మా పౌడరులోంచి వచ్చిందా?"

"మీ పౌడరులోంచే అక్కా. ప్రతి చుక్కా."

దుకాణాల్లో, పెళ్ళివారి పెట్టెల్లో, ఊళ్ళు దాటి వెళ్ళిన సీసాల్లో, ఎవరెవరి మెడల మీదో, పోయినవాళ్ళ కోట్ల మీద, ఎవరికీ తెలియకుండా పౌడరు బతికే ఉంది. ఇక చచ్చిపోయిందనుకుని తలుపులు మూసిన రోజు కూడా అది నడవా దాటి అవతలి గదిలో ఊపిరి తీసుకుంటోంది. పౌడరక్క చీరచెంగుతో ముక్కు తుడుచుకుంది.

పక్కగదిలోంచి బావగారు పేపరు చేత్తో పట్టుకుని కంగారుగా వచ్చాడు. "ఏమిటి ఇద్దరూ అలా ఉన్నారు? ఏమైనా మాడుతోందా?"

"ఏం మాడట్లేదు, మీరు పడుకోండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆయన వెళ్ళాక పౌడరక్క అంది. "మంచం కింద పెట్టె ఉంది, లాగు. మూట ఇస్తాను. కానీ ఒక్కటి. నా కళ్ళ ముందు పొయ్యాలి. కుంటుకుంటూ అయినా వస్తాను."

మర్నాడు ఆమె కర్ర పట్టుకుని నడవాలో నడుస్తుంటే గోడౌను వాళ్ళు బల్లలు పక్కకి జరిపి దారిచ్చారు. మాస్టారు మూట విప్పి చూసి పెదవి విరిచాడు. "పెరటి చెట్టు మందుకి పనికొస్తుందంటారా?" అన్నాడు. అన్నాడే కానీ చేతులు అప్పటికే గరాటులు కడుగుతున్నాయి. పడుకుని లేచిన జాడీలోంచి కొద్దిగా తీసి సగం కొత్తగుడ్డలోంచి, సగం పాతగుడ్డలోంచి పోయించాడు. పట్టీలు ముంచి తీగకి తగిలించారు. చూడగానే రెండూ ఒక్కటే. అదే పూలు, అదే పండు.

తెల్లారి ముగ్గురూ గది తలుపు ముందు కలిశారు. ఎవరికి వాళ్ళే ముందు వచ్చామనుకున్నారు. మాస్టారు మొదట కొత్తగుడ్డ పట్టీ తీసుకున్నాడు, పక్కన పెట్టాడు. రెండోది ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆయన స్టూలు కోసం వెనక్కి చెయ్యి చాచి, తడుముకుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీశాడు. పట్టీ వంక చూస్తూ అన్నాడు.

"పడుకోబెడితే వస్తుందన్నాడు మా గురువు. ఆయన గురువూ అదే అని ఉంటాడు. మేమంతా జాడీల దగ్గర కూర్చుని దాని కోసం కాచుకున్నాం. అది పక్కగదిలోంచి వచ్చేదమ్మా. నడుచుకుంటూ, రోజూ, మా ముందు నుంచే వచ్చేది."

పౌడరక్క వైపు తిరిగాడు. "మీ పౌడరులో ఏదో వేరుపొడి పడేది కదూ?"

"పడేది. తవ్వి తీసిన పచ్చి వేరుకి మట్టి వాసన తప్ప ఏమీ ఉండదు. ఏళ్ళ తరబడి ఎండబెడితే అప్పుడు పుడుతుంది వాసన. అంతవరకూ దాన్ని నమ్మి ఉంచుకోవాలి."

ఆ తయారీ అంతా పాతగుడ్డల్లోంచే దిగింది. తోడికోడలు స్టూలు మీద కూర్చుని చూస్తుంటే వడపోతమ్మ మొదట్లో గరాటు అంచున ఒక చుక్క జార్చింది. "ఏమే, నీళ్ళు ఒలకబోయకు" అని వెనక నుంచి మాట పడగానే కుదురుకుంది.

కానీ గుడ్డలు ఎన్నాళ్ళో రావని అందరికీ తెలుసు. ఇంకొన్ని తయారీలకి వాటిలో ఉన్నదంతా అయిపోతుంది. మేనేజరమ్మ ఆ మాటే పైకి అంటే, పౌడరక్క వింతగా చూసింది. "గుడ్డలో ఏముందమ్మా, ఉన్నదంతా పౌడరులోనే. మళ్ళీ చేస్తే సరి."

"పౌడరు అమ్మడానికి మనకి అనుమతి లేదు పెద్దమ్మా."

"అమ్మమని ఎవరన్నారు? ఇది మొహానికి కాదు, గుడ్డకి."

మేనేజరమ్మ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగింది. వేరుపొడి తెప్పిస్తానంది. దాచిన జల్లెడ ఇంట్లో ఎక్కడా కనపడలేదు. చివరికి బావగారి గోడగడియారం చుట్టూ ఉన్న గుండ్రటి చెక్క, ఆ రోజు పౌడరక్క తెచ్చిన జల్లెడ చట్రమేనని తేలింది. ఆయన దాన్ని రంగేసి బిగించి, వచ్చిన వాళ్ళందరికీ చూపించుకునేవాడు. "గడియారం బోసిపోతుందే" అని గొణిగాడు కానీ తనే ఊడదీసి ఇచ్చాడు.

సెంటుగది వెనక మూల, నడవాలోకి తలుపు తెరుచుకునే చోట, పౌడరక్కకి ఒక బల్ల వేశారు. ఎవరూ ముఖానికి రాసుకోని, ఏ దుకాణంలోనూ కనపడని పౌడరు అక్కడ తయారవుతుంది. కొత్త పట్టుగుడ్డ బిగించి ఋతువంతా జల్లిస్తుంది. గుడ్డకి పట్టిందే సరుకు. కింద పడ్డ పౌడరుని మళ్ళీ ఎత్తి మళ్ళీ జల్లిస్తుంది. గుడ్డ అలిసిపోయిందని చేతికి తెలిశాక చన్నీళ్ళలో ఝాడించి, నీడన ఆరేసి, తలుపు అవతలికి అందిస్తుంది. మేనేజరమ్మ మొదట్లో మిషను పెడదామా అని అడిగింది. మళ్ళీ తనే, "వద్దులెండి, ఇలాగే కానివ్వండి" అంది.

పాతగుడ్డల్లోంచి దిగిన సీసాలు దుకాణాలకి వెళ్ళాక, వాపసు పెట్టెల కోసం సెంటుగదిలో అందరూ రోజూ వీధివైపు ఒక చూపు వేసి ఉంచారు. ఏవీ రాలేదు. ఒకనాడు దుకాణం ఆవిడ వచ్చింది. చేతిలో పెట్టె లేదు. లోపలికి రాకుండా, ఉల్లిపాయ తిన్నానంటూ వరండాలోనే నిలబడింది.

"కోటు ఆయన వచ్చాడు" అంది.

వడపోతమ్మ గరాటు కింద పెట్టింది. "ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కౌంటరు దగ్గర కాసేపు నిలబడ్డాడు. మొన్న ఇచ్చింది కాక ఇంకో సీసా ఇమ్మన్నాడు. ఏడాదికి ఒకటే కదా మీరు తీసుకునేదంటే, ఈసారి రెండు అన్నాడు."

గది నిలబడింది. ఫర్నిచరు వాళ్ళు ఇంకెక్కడో చోటు వెతుక్కున్నారు.

తెలిసిపోయాక ఆ వింత తగ్గిపోతుందేమోనని వడపోతమ్మ లోపల్లోపల భయపడింది. మూలం చూశాక ఏరు చిన్నదైపోతుందంటారు. ఇప్పటికీ ప్రతి జాడీ దిగిన సాయంత్రం ఒక పట్టీ తీగకి తగిలించి వెళుతుంది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, కిటికీ తెరవకముందే దాని దగ్గరికి వెళుతుంది. గుడ్డ ఏమిటో తెలుసు, పౌడరు ఎవరు జల్లించారో తెలుసు, వేరు ఏ గోనెలోంచి వచ్చిందో తెలుసు. అయినా ముఖం దగ్గరికి పెట్టగానే ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంటుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంటుంది. తల్లి ఎందుకు గుర్తొస్తుందో మాత్రం ఇంకా తెలియదు.

ఒకరోజు అలా నిలబడి ఉంటే వెనక కర్ర చప్పుడైంది. పౌడరక్క వచ్చి పక్కన నిలబడి, అడక్కుండానే పట్టీ అందుకుని, కళ్ళు మూసుకుని చూసింది. ఆమె నెరిసిన జుట్టులో జుట్టేదో పౌడరేదో తెలియడం లేదు.

"ఉందా అక్కా?"

"ఉండు, మాట్లాడకు" అంది పౌడరక్క.